ముందు లెక్క, తర్వాతే తుపాకి

(2024 సెప్టెంబర్ మొదటి వారంలో, అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గో నగరంలో, తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పోయిన నెల అడవి బాతుల లెక్క చెప్పే ఒక రిపోర్టు వచ్చింది. ఇక్కడి బాతు వేటగాళ్లు ఏడాదంతా దానికోసం ఎదురుచూస్తారు. మన ఇళ్లలో ఇంటర్ రిజల్ట్స్ రోజు ఎలా ఉంటుందో, వాళ్లకు ఆ రోజు అలా ఉంటుంది. మా పక్కింటి పెద్దాయన రిటైరైన రైతు, 74 ఏళ్లు. రిపోర్టు ప్రింటు తీసి, కళ్లజోడు పెట్టుకుని, నా దగ్గరికే నడిచి వచ్చాడు. "మల్లార్డ్‌లు పెరిగాయి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది.

ఆ రిపోర్టు ప్రకారం, ఈ వసంతంలో గూళ్లు పెట్టుకోడానికి వచ్చిన బాతులు 3 కోట్ల 40 లక్షలు. నిరుడు 3 కోట్ల 23 లక్షలు. అంటే 5 శాతం పెరిగాయి. మల్లార్డ్, అదే మగదానికి తల ఆకుపచ్చగా పట్టులా మెరిసే బాతు, 61 లక్షల నుంచి 66 లక్షలకు చేరింది. విజియన్ అనే రకం సగానికి పైగా పెరిగింది. ఇంకో రెండు వారాల్లో మన నార్త్ డకోటాలో వేట మొదలవుతుంది కాబట్టి ఊళ్లో అందరూ ఉత్సాహంగా ఉన్నారు. తుపాకుల దుకాణంలో, కాఫీ హోటల్లో, పెట్రోల్ బంకులో ఇదే మాట.

కానీ ఇదే లెక్కను కొంచెం వెనక్కి పోయి చూడండి. 2015లో 4 కోట్ల 95 లక్షల బాతులు. ఈ సర్వే మొదలైనప్పటి నుంచీ అంత ఎప్పుడూ లేవు. ఇప్పుడున్నవి దీర్ఘకాల సగటు కన్నా ఇంకా 4 శాతం తక్కువే. అయితే 1990 ప్రాంతంలో, కరువు రోజుల్లో, రెండున్నర కోట్లకు పడిపోయిన సంగతీ ఉంది. అప్పటివాళ్లకు ఇప్పటి అంకె ఒక కల. అందుకే పెరిగాయి అన్నప్పుడు ఎక్కడి నుంచి పెరిగాయి అని కూడా అడగాలి.

ఈ లెక్క ఎలా తీస్తారో చెప్తాను. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఏమీ అనుకోకండి.

1955 నుంచి ప్రతి మే నెలలో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు, కెనడియన్ వైల్డ్‌లైఫ్ సర్వీసు కలిసి ఈ సర్వే చేస్తున్నాయి. కోవిడ్ వల్ల 2020లో, 2021లో మాత్రం ఆగింది. చిన్న విమానం, అందులో ఇద్దరే మనుషులు. నడిపే పైలటే బయాలజిస్టు కూడా. నేలకు 100, 150 అడుగుల ఎత్తులో పోతారు. రెండు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో అంత. కిటికీలోంచి ఈయన ఇటువైపు, పక్కన కూర్చున్నాయన అటువైపు, చెరొక 200 మీటర్ల వెడల్పు పట్టీలో కనిపించిన ప్రతి బాతునీ రకం చెప్పి, సంఖ్య చెప్పి పైకి చదువుతారు. అది రికార్డవుతుంది. విమానం గంటకు 100 మైళ్ల వేగంతో పోతూ ఉంటుంది. ఒక్క క్షణం కళ్లు తిప్పితే ఒక కుంట దాటిపోతుంది. అలా రోజులు, వారాలు. నార్త్, సౌత్ డకోటాల నుంచి అలాస్కా దాకా, కెనడా అడవుల మీదుగా.

ఒక మగబాతు నీళ్లలో ఒంటరిగా కనిపించిందనుకోండి. దాన్ని ఒకటిగా లెక్క వేయరు, రెండుగా వేస్తారు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆడబాతు గడ్డిలో గుడ్ల దగ్గర ఉంటుంది. దాని ఒళ్లు ఎండుగడ్డి రంగు, పైనుంచి ఎంత చూసినా కనపడదు. మగది దగ్గర్లో కాపలా ఉంటుంది. కనపడని ఆ తల్లిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి ఇది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పైనుంచి తప్పిపోయేవి ఇంకా కొన్ని ఉంటాయి కదా, అందుకని కొన్నిచోట్ల మనుషులు కిందనే నడిచి అవే కుంటలు మళ్లీ లెక్కపెడతారు. రెండిటినీ పోల్చి అంకెను సరిచేస్తారు.

బాతులతో పాటు కుంటల్నీ లెక్కపెడతారు. ఈ మే నెలలో నీళ్లున్న కుంటలు దాదాపు 52 లక్షలు. నన్నడిగితే రిపోర్టులో అసలు అంకె ఇదే.

మనం ఇప్పుడు కూర్చున్న చోటి నుంచి పడమరకు గంటన్నర కారులో వెళ్తే మొదలవుతుంది ప్రైరీ పాట్‌హోల్ ప్రాంతం. అక్కణ్ణుంచి కెనడాలో అల్బర్టా దాకా అదే నేల. వేల ఏళ్ల కిందట ఇక్కడ మంచు పలకలు ఉండేవి. అవి కరిగి వెనక్కి పోయినప్పుడు నేలంతా గుంటలు వదిలిపెట్టి పోయాయి. రాయలసీమ వాళ్లకు, తెలంగాణ వాళ్లకు కుంట అంటే నేను వివరించక్కర్లేదు. తేడా ఒక్కటే. మన కుంటలు మనిషి కట్ట పోసి చేసుకున్నవి, ఇవి మంచు చేసి ఇచ్చినవి. కొన్ని ఈ హాలంత కూడా ఉండవు, మోకాలి లోతు నీళ్లు, జూలై వచ్చేసరికి ఎండిపోతాయి. చూస్తే ఇదేం నీళ్లు, దోమలకు తప్ప దేనికీ పనికిరాదు అనిపిస్తుంది. ఆ దోమలే, ఆ పురుగులే కావాలి బాతుకు. లోతు తక్కువ కాబట్టి ఆ నీళ్లు అన్నిటికన్నా ముందు వేడెక్కుతాయి, పురుగు ముందు పుడుతుంది. గుడ్డు పెట్టాలంటే తల్లికి ప్రోటీన్ కావాలి, గింజలు తింటే చాలదు. ఈ ఖండంలోని బాతుల్లో సగానికి సగం ఈ గుంటల ప్రాంతంలోనే పుడతాయని లెక్క. బాతుల ఫ్యాక్టరీ అంటారు దీన్ని.

మొన్న మే నెలలో పెద్దాయన నన్ను తన పాత పొలానికి తీసుకెళ్లాడు. గట్టు పక్కన గడ్డిలో నడుస్తుంటే నా పాదానికి రెండడుగుల దూరంలోంచి ఒక ఆడ మల్లార్డ్ లేచింది. నా గుండె ఆగినంత పనైంది. వంగి చూస్తే, ఎండుగడ్డి దొన్నెలా వంచి చేసిన గూడు. అందులో తొమ్మిది గుడ్లు, లేత ఆలివ్ రంగు. చుట్టూ తల్లి తన రొమ్ము నుంచి పీక్కున్న మెత్తటి బూడిదరంగు నూగు. ఒక గుడ్డు మీద ఆ నూగు అంటుకుని గాలికి కదులుతోంది. ముట్టుకోబోతే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "మన వాసన పట్టుకుని నక్క వస్తుంది, పద" అన్నాడు. వెళ్లేటప్పుడు కూడా వచ్చిన దారిన కాకుండా చుట్టు తిరిగి నడిపించాడు.

నక్క, రకూన్, స్కంక్. ఇవన్నీ గుడ్ల కోసం తిరుగుతూనే ఉంటాయి. వందకు పదిహేను గూళ్లు నిలిచి పిల్లలు బయటికొస్తే చాలు, మల్లార్డ్ జాతి నిలబడుతుంది అని ఇక్కడి పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. వందకు పదిహేను! అంతకన్నా తగ్గితే తగ్గుముఖమే. గడ్డి విస్తారంగా ఉంటే నక్క వెతకలేక వదిలేస్తుంది. గట్టు పక్కన సన్నటి గీతలా మిగిలితే ఒక్క రాత్రిలో అంతా వెతికేస్తుంది. కాబట్టి కుంట ఒక్కటే ఉంటే చాలదు, చుట్టూ గడ్డీ ఉండాలి.

ఇక్కడ సూదితోక బాతు సంగతి చెప్పి తీరాలి. ఇంగ్లీషులో పిన్‌టెయిల్. 1956లో ఇవి కోటి దాటి ఉండేవి. ఈ ఏడు 20 లక్షలు, నిరుటి కన్నా 11 శాతం తక్కువ. మిగతావాటితో పాటు ఇది ఎందుకు పెరగలేదు? ఇది తొందరగా వస్తుంది, వచ్చి నిరుడు కోసిన పొలంలో, గోధుమ మోళ్ల మధ్యనే గూడు పెడుతుంది. దానికి అది గడ్డిమైదానంలానే కనిపిస్తుంది. రెండు వారాల తర్వాత రైతు ట్రాక్టరు తెచ్చి దున్నుతాడు. రైతుకు గూడు కనపడదు, ఆయన తప్పు కాదు. గూడు పోతే మల్లార్డ్ మళ్లీ మళ్లీ పెడుతుంది, సూదితోకకు ఆ పట్టుదల తక్కువ. ఈ 2024 సీజన్లో వేటగాడు రోజుకు ఆరు బాతులు కొట్టొచ్చు, అందులో సూదితోక ఒక్కటే ఉండాలి.

రైతు గురించి ఇంకో మాట. ఈ రాష్ట్రంలో ఒకప్పుడున్న చిత్తడి నేలల్లో దాదాపు సగం పోయాయి. అయోవా రాష్ట్రంలో అయితే పదింట తొమ్మిది వంతులు పోయాయి. కాలువలు తీసి, నేల కింద పైపులు వేసి నీళ్లు లాగేశారు. పొలం మధ్యలో కుంట ఉంటే విత్తనం వేసే అరవై అడుగుల సీడర్‌ని దాని చుట్టూ తిప్పాలి, డీజిల్ ఖర్చు, విత్తనం వృథా. మక్కజొన్న ధర బాగున్నప్పుడు ఆ ఎకరం కూడా వదులుకోడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే ప్రభుత్వం రైతుకు డబ్బిచ్చి, కుంట పూడ్చను, ఎండబెట్టను అని శాశ్వతంగా రాయించుకుంటుంది. నేల రైతుదే, సేద్యం రైతుదే. మా పెద్దాయన పొలంలో ఉన్న పద్నాలుగు కుంటలూ అలా రాసిచ్చినవే.

ఆ డబ్బు ఎక్కడిది? ఇదిగో, దీన్ని చూడండి. ఒకరి చేతి నుంచి ఒకరికి పంపండి. ఇది డక్ స్టాంపు. ధర 25 డాలర్లు. పదహారేళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఏటా కొని తీరాలి. 1934లో మొదలైనప్పుడు ఒక డాలరు. అప్పుడు ఈ మైదానాలన్నీ దుమ్ము తుపానుల్లో ఉన్నాయి, కుంటలు ఎండాయి, బాతులు అంతరిస్తాయని భయపడ్డారు. డింగ్ డార్లింగ్ అని ఒక కార్టూనిస్టు ఉండేవాడు, ఆయన్ని ప్రభుత్వం పిలిచి వన్యప్రాణుల శాఖ అప్పజెప్పింది. మొదటి స్టాంపు మీద బొమ్మ ఆయనే గీశాడు, నీళ్లలో దిగుతున్న మల్లార్డ్ జంట. ఒక్కో డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో, రాయించుకోడానికో పోతుంది. ఇప్పటికి 60 లక్షల ఎకరాలు దాటాయి. వేటగాళ్లు 1937లోనే డక్స్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ కూడా పెట్టుకున్నారు, అదే ఏడాది తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్ను డబ్బును వన్యప్రాణులకే పెట్టే చట్టం వచ్చింది. సీసపు గుళ్లు నీళ్లలో పడి బాతులు మింగి చస్తున్నాయని 1991 నుంచి దేశమంతటా బాతు వేటకు సీసం నిషేధం. ఇప్పుడు ఉక్కు గుళ్లు వాడతాం.

2019లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 1970 తర్వాత ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని అందులో తేల్చారు. గడ్డిమైదానాల పిట్టలైతే సగానికి సగం పోయాయి. వాటిలో చాలావాటిని ఎవరూ వేటాడరు. పెరిగిన కొద్ది జాతుల్లో బాతులు, హంసలు ఉన్నాయి, సగానికి పైగా పెరిగాయి. ఎవరో ఒకరు పట్టించుకుని, లెక్కపెట్టి, డబ్బు పెట్టిన పక్షులు నిలిచాయి. ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

సరే, సీజన్ సంగతి. వేటగాళ్లు ఏం ఆశిస్తున్నారు? ఈ చలికాలం మంచు బాగా తక్కువ పడింది, గుర్తుందిగా, జనవరిలో కూడా రోడ్లు పొడిగా ఉన్నాయి. కుంటలు ఎండిపోతాయని అందరికీ టెన్షన్ పట్టుకుంది. వసంతంలో వానలు పడి కాపాడాయి. నీళ్లు నిలిస్తే పిల్లలు బతుకుతాయి. పిల్ల బాతులు ఎక్కువుంటే వేట బాగుంటుంది, ఎందుకంటే ముసలి బాతుకు అన్నీ తెలుసు. నీళ్ల మీద తేలే బొమ్మ బాతుల్ని చూసి రెండు చుట్లు తిరిగి, ఏదో తేడాగా ఉందని వెళ్లిపోతుంది. మనవైపు పాతకాలం వేటగాళ్లు దీమం అనేవాళ్లు, పిట్టని చూపి పిట్టని పట్టడం. ఇదీ అదే, ప్లాస్టిక్ దీమం.

ఇక్కడొక క్రమశిక్షణ చూడండి. నీలిరెక్కల టీల్ అనే చిన్న బాతు ఉంది. అందరికన్నా ముందు దక్షిణానికి వెళ్లిపోతుంది కాబట్టి దక్షిణ రాష్ట్రాల్లో దానికి సెప్టెంబర్లో ప్రత్యేకంగా 16 రోజుల సీజన్ ఇస్తారు. లెక్క 47 లక్షలకు తగ్గితే 9 రోజులే. ఈ ఏడు లెక్క 46 లక్షలు వచ్చింది. ఈ ఏటి లెక్కతో వచ్చే ఏటి నిబంధనలు పెడతారు కాబట్టి వచ్చే సెప్టెంబర్లో వాళ్లకు 9 రోజులే దక్కుతాయి. లక్ష తేడా, ఏడు రోజులు పోయాయి. ఎవరూ రోడ్డెక్కలేదు. కరువు రోజుల్లో మిసిసిపీ నది దారిలో ఉన్న రాష్ట్రాలకు 30 రోజులే సీజన్, రోజుకు మూడే బాతులు. ఇప్పుడు అక్కడ 60 రోజులు, ఆరు బాతులు.

(సభలో నుంచి ఒకాయన: బాబూ, ఇంత ప్రేమగా చెప్తున్నావు, మరి చంపడం దేనికి?)

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. మా అమ్మ కూడా ఫోన్లో ఇదే అడుగుతుంది.

మొదటి ఏడాది నేను తుపాకి పట్టలేదు, పెద్దాయన వెంట కాఫీ ఫ్లాస్కు మోసుకుని వెళ్లానంతే. తర్వాత వేట భద్రత కోర్సు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకున్నాను. మూడో ఏడాది ఒక ఉదయం జమ్ములో మాటు వేసి కూర్చున్నాం. ఇంకా తెల్లారలేదు, చేతివేళ్లు కొయ్యబారిపోయాయి. తలమీద రెక్కల చప్పుడు వినిపించింది, పట్టుచీర ఎవరో ఒక్కసారి దులిపినట్టు. నేను కొట్టాను. బాతు దెబ్బతిని జమ్ములో దూరంగా పడింది. పడ్డ బాతుని వెతికి తెచ్చే కుక్క ఆ వారం కాలికి గాయమై ఇంట్లోనే ఉంది. నేను కాసేపు వెతికి వచ్చేశాను, దొరకలేదని చెప్పాను. పెద్దాయన ఏమీ అనలేదు. తుపాకిలోంచి తూటాలు తీసేసి పక్కన పెట్టి నడుం లోతు నీళ్లలోకి దిగాడు. అప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. గంటసేపు ఇద్దరం జమ్ము దుబ్బులు ఒక్కొక్కటే పక్కకు తీసి వెతికాం. తలపైన గుంపులు వచ్చి పోతూనే ఉన్నాయి, ఆయన తలెత్తి చూడలేదు. చివరికీ దొరకలేదు. ఒడ్డుకొచ్చి, "ఈ రోజు నీకు అయిదే మిగిలాయి" అన్నాడు. దొరకని బాతునీ నా లెక్కలో వేశాడు.

ఆ రోజు నేనింకేమీ కొట్టలేదు. ఇంటికెళ్లాక అన్నం తినబుద్ధి కాలేదు. చంపడం తేలికైన పనని నేను ఎప్పుడూ చెప్పను. కొట్టింది తినాలి, పారేయకూడదు, అమ్మకూడదు. ఇక్కడ ఒకప్పుడు బాతుల్ని పీపాల్లో నింపి నగరాలకు పంపి అమ్మేవాళ్లు. 1918 చట్టంతో ఆ వ్యాపారానికి తెరపడింది. మీరు వేట వద్దంటే నేను వాదించను మాస్టారూ. మా ఆవిడ ఒక్కసారి కూడా రాలేదు, కానీ ఏటా డక్ స్టాంపు తనూ కొంటుంది. వేట రాకపోయినా ఎవరైనా కొనొచ్చు, పైగా అది చూపిస్తే జాతీయ వన్యప్రాణి ఆశ్రయాల్లోకి ప్రవేశ రుసుము ఉండదు. 1970ల్లో ఏటా 20 లక్షలకు పైగా స్టాంపులు అమ్ముడయ్యేవి, ఇప్పుడు 15 లక్షల దగ్గర ఉన్నాయి. వేటగాళ్లు ముసలివాళ్లవుతున్నారు. కుంటలకు డబ్బు ఎవరు పెడతారు అనేది మా పెద్దాయనకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

నాది కొల్లేటి పక్క ఊరు, కైకలూరు దగ్గర. నా చిన్నప్పుడు చలికాలం తెల్లవారుజామున పరజల్ని, అంటే అడవి బాతుల్ని, కాళ్లు కట్టి కావిడికి వేలాడదీసి అమ్మకానికి తెచ్చేవాళ్లు. వలలు వేసి పట్టినవి. 1972 చట్టం ప్రకారం అది నేరమని మాకెవరికీ తెలియదు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పట్టొచ్చు అనే ప్రశ్న ఎవరి నోటా వినలేదు. చెరువు నిండా ఉన్నాయి, అంతే. నేనూ తిన్నాను. తర్వాత సరస్సు నిండా చేపల చెరువులు తవ్వారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం జాబితాలో చేరింది, 2006లో ఆ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇక్కడ మనం చూసే సూదితోక బాతే సైబీరియా వైపు నుంచి అక్కడికీ వస్తుంది. అదే జాతి. అదే గోధుమరంగు తల, మెడ పక్కన అదే తెల్లటి గీత. ఇక్కడ మొదటిసారి దాన్ని బైనాక్యులర్లో చూసినప్పుడు నాకు మా చెరువుగట్టు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. మన దగ్గర వేట వద్దు, చట్టం అలాగే ఉండాలి. లెక్క మాత్రం కావాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది, మామూలు మనుషులే వెళ్లి లెక్కపెడతారు. ఈసారి సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు ఒక పూట దానికి ఇవ్వండి. నేను పోయినసారి వెళ్లాను. మా మేనల్లుడు, పదో తరగతి, చెంచామూతి బాతును తనంతట తానే గుర్తుపట్టాడు.

చాలాసేపు మాట్లాడాను, క్షమించండి. ఈ శనివారం ఎవరైనా చూడ్డానికి వస్తామంటే పెద్దాయన పొలానికి తీసుకెళ్తాను. వేట ఇంకా మొదలవలేదు కాబట్టి పిల్లల్నీ తీసుకురావచ్చు. ఈ ఏటి పిల్ల బాతులకు రెక్కలొచ్చాయి, గుంపులు కడుతున్నాయి. తెల్లవారుజామున అయిదింటికల్లా మా ఇంటి ముందు ఉండాలి. స్వెటరు మర్చిపోకండి, కుంటల దగ్గర చలి ఎక్కువ. బైనాక్యులర్లు నా దగ్గర రెండున్నాయి. ఆ స్టాంపు ఎవరి దగ్గరుందో కాస్త ముందుకు పంపండి, దాని మీద సంతకం చేసుకోవాలి, లేకపోతే చెల్లదు.